గౌను ముక్క

మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు కడిగేసినాక పరంజ్యోతి టీచరు ఇంటి వరండాలో చాప పడేది. చాప పడిందంటే ఆ వీధిలో నలుగురు ఆడవాళ్ళు మళ్ళీ పొయ్యి వెలిగించే వేళ దాకా ఎవరికీ దొరికేవాళ్ళు కాదు. టీచరు బడి నుంచి రిటైరయినాక మొదలుపెట్టిన అలవాటు అది. పాత చీరలు కత్తిరించి, రంగుకు రంగు జోడించి బొంతలు కుట్టడం. అమ్ముకోవడానికి కాదు, ఎవరో అడిగినారనీ కాదు. ఊరికే, చేతులకు బాగుంటుందని, కళ్ళకు బాగుంటుందని.

సైదాబీకి ఇంట్లో కూడా సూది పనే. ఆమె మొగుడు బుడేన్‌ది ఆ నంద్యాలలోనే, ఇంటి ముందరే పరుపుల అంగడి. దూది ఏకి అతను నింపితే ఆమె కుట్టేది. ఏ పరుపు చూసినా అదే చారల గుడ్డ, అదే లావు దారం. వరండాలో అట్లా కాదు. మిరపపండు ఎరుపు పక్కన చిలకపచ్చ పెడితే ఎట్లుంటుంది, నెమలికంఠం నీలానికి నారింజ అంచు కుడితే ఎట్లుంటుంది అని పొద్దుగూకేదాకా వాదులాడుకోవచ్చు. వాదులాటలో ఎప్పుడూ గెలిచేది లూదియా. ఎదురింటి రాజరత్నం భార్య. ఆమె నోటికి జడిసి ఎరుపు యాడ పెట్టమంటే ఆడ పెట్టేవాళ్ళు, పెట్టి నవ్వుకునేవాళ్ళు. నాలుగో మనిషి జెస్సీ, టీచరు మేడమీద అద్దెకుండే కొత్త కోడలు. ఫోన్లో చూసి క్రోషియా అల్లికలు నేర్చుకునేది. బొంత కుట్టు మాత్రం సైదాబీ దగ్గర కూర్చుని నేర్చుకుంది.

ఆ రోజు చాప మధ్యలో పరిచింది పసిబిడ్డ బొంత. టీచరు కూతురు సుజాతకు కొడుకు పుట్టినాడు. తల్లీబిడ్డా ఆళ్ళగడ్డలో అత్తగారింటికి పోయినారు. వచ్చే ఆదివారం అక్కడి చర్చిలో బిడ్డను దేవునికి అంకితమిచ్చే ప్రతిష్ఠ. ఆ పొద్దు మనవణ్ణి ఈ బొంతలో పెట్టి పాస్టరు చేతికియ్యాలని టీచరు ఆశ.

"అంగట్లో కొన్నది వద్దు. మీకు బాగా ఇష్టమైన గుడ్డ తలా ఒకటి తేండి," అని ముందే చెప్పింది.

లూదియా తన పెళ్ళినాటి వంగపండు రంగు పట్టుకొంగు తెచ్చింది. జెస్సీ ఎర్ర ఓణీ తెచ్చింది. టీచరు తను ఉద్యోగంలో చేరిన పొద్దు కట్టిన చిలకపచ్చ నేతచీర చింపింది. సైదాబీ మాత్రం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నీదేదీ సైదా?" అనింది టీచరు.

సైదాబీ సంచిలోంచి పసుపుపచ్చ గౌను తీసింది. చిన్నది. గుడ్డ నిండా చెర్రీపండ్ల బొమ్మలు. ఎవరిదో చెప్పే పని లేకపోయింది. సైదాబీ కూతురు రేష్మా ఆ గౌను వేసుకుని ఈ వరండా మెట్ల మీదనే ఎక్కి దిగేది. పిల్ల జ్వరమొచ్చి పోయినాక ఆ గౌనును ఎవరూ చూడలేదు.

"ఇంటికాడ కత్తిరిద్దామంటే చెయ్యి ఆడలా. ఈడ మీరంతా ఉంటారని తెచ్చినా," అనింది సైదాబీ.

టీచరు లూదియా వైపు చూసింది. లూదియా చాప అంచు పీకుతూ ఉండిపోయింది.

"ఎందుకే, అట్లే దాచిపెట్టుకోగూడదా?" అనింది టీచరు మెల్లిగా.

తన మీద జాలితో అంటోందనుకుంది సైదాబీ. "పెట్టెలో ఉండి ఏం చేస్తాదక్కా. ఒక బిడ్డ ఒంటి మీద ఉంటే బాగుంటాది."

కత్తెర తీసుకుని గౌను ముందుభాగం నలుచదరంగా కత్తిరించింది. అన్నం తినేటప్పుడు పిల్ల ఎప్పుడూ ఒలకబోసుకునే చోటు అది. ఎన్నిసార్లు ఉతికినా ఒక లేత మరక ఉండేది. మరక పోయిందో, తనకే కనిపించడం లేదో తెలియలేదు. జెస్సీ ముక్కు ఎగబీల్చింది. ఎవరూ వద్దనలేదు. సైదాబీ ఆ ముక్కను బొంత నడిమధ్యన పెట్టి, అంచులు లోపలికి మడిచి, చుట్టూ సన్నని కుట్టు వేసింది. అంత సన్నగా ఆమె ఎప్పుడూ కుట్టలేదు. పొద్దు వాలేసరికి బొంత అయిపోయింది. నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని లేపి చూసుకున్నారు. నడుమ పసుపు ముక్క దీపం పెట్టినట్టు ఉంది.

"బాగుండాది," అనింది లూదియా. అంతకుమించి ఏమీ అనలేదు. లూదియా అంత తక్కువ మాట్లాడడం వింతేనని సైదాబీకి తర్వాత తోచింది.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ బస్సెక్కి ఆళ్ళగడ్డకు పోయినారు. టీచరు ముందురోజే బొంత తీసుకుని వెళ్ళిపోయింది. లూదియా తలనిండా కనకాంబరాలు పెట్టుకుని, శిరివెళ్ళ దాటేదాకా ఏదో ఒకటి చెప్పి నవ్విస్తూనే ఉంది. జెస్సీ కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కేవాళ్ళను చూస్తూ పోయింది. సైదాబీ ఇస్త్రీ చీర నలగకుండా పట్టుకుని కూర్చుంది. మొహం తెలియని చుట్టాల మధ్యకు పోతున్నా ఆమెకు బెరుకుగా లేదు. తన బిడ్డ గుడ్డ ఒకటి ముందే పోయి ఆడ ఉందని ఆమె ధైర్యం.

చర్చి నిండిపోయి ఉంది. ముగ్గురూ ఆడవాళ్ళ వైపు వెనక వరసలో కూర్చున్నారు. పాటలయినాక సుజాత, ఆమె భర్త జయప్రకాష్ బిడ్డను తీసుకుని ముందుకు వచ్చినారు. టీచరు పక్కన నిలబడింది, మొహం వెలిగిపోతూ. పాస్టరు బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకుని అందరికీ కనబడేట్టు ఎత్తి పట్టుకున్నాడు. బొంత విప్పారి కిందికి జారింది.

సైదాబీ పసుపు కోసం వెతికింది. చిలకపచ్చ ఉంది, ఎరుపు ఉంది, వంగపండు రంగు ఉంది. నడుమ గులాబీరంగు ఉంది.

మడతలో పడిపోయి ఉంటుందిలే అనుకుంది. పాస్టరు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆమె మూసుకోలేదు.

భోజనాల దగ్గర బిడ్డను చూసే నెపంతో సుజాత దగ్గరికి పోయింది. బిడ్డ నిద్రపోతున్నాడు. బొంత కొస కొంచెం ఎత్తి చూసింది. గులాబీ ముక్క చుట్టూ తన పాత కుట్ల రంధ్రాలు, సూదిమొన దిగిన చోట్లు, ఇంకా అట్లే కనిపిస్తున్నాయి. వాటి పక్కన కొత్త కుట్లు. దారం అవసరానికి మించి లాగి, గుడ్డ ముడుచుకుపోయేట్టు వేసిన కుట్లు. అట్లా లాగొద్దని తను చెయ్యి పట్టుకుని ఎన్నిసార్లు చెప్పిందో. జెస్సీ కుట్లు అవి.

"నిద్రపోతాండాడత్తా," అని సుజాత బొంత కొసను ఆమె వేళ్ళలోంచి మెల్లిగా లాక్కుంది. లాక్కుని ఒక అడుగు వెనక్కి జరిగింది. మర్యాదగానే జరిగింది.

విస్తరి ముందు కూర్చుంటే లూదియా అడక్కుండానే రెండు కూర ముక్కలు ఎక్కువ వేయించింది. "తిను సైదక్కా, ఏం తినలేదే," అనింది. జెస్సీ దూరంగా ఇంకో వరసలో కూర్చుంది. తిరుగు బస్సులో ఇద్దరూ ఎక్కీ ఎక్కకముందే కళ్ళు మూసుకున్నారు. సైదాబీ నంద్యాల దాకా ఆ మూసిన కళ్ళనే చూస్తూ వచ్చింది. నిజంగా నిద్రపోయేవాళ్ళ రెప్పలు అట్లా అదరవు.

"ఎట్లా జరిగింది?" అని బుడేన్ అడిగితే, "బాగా జరిగింది," అనింది.

మర్నాడు చాప పడే వేళకు పోయింది. టీచరూ జెస్సీ ఉన్నారు. లూదియా లోపల టీ పెడుతోంది. సైదాబీ చాప మీద కూర్చోలేదు.

"అక్కా, నా గౌను ముక్క ఇయ్యి. ఇంటికి తీసుకపోతా."

టీచరు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఏ ముక్క అని అడగలేదు, అంతవరకు నయం. "యాడో పెట్టినా సైదా. వెతికిస్తాలే. నువ్వు మనసులో ఏం పెట్టుకోగాకు. నాకు ఇట్లాంటి పట్టింపులు లేవు, నీకు తెలీనిదా. సుజాత వాళ్ళత్త పాతకాలం మనిషి. పోయిన బిడ్డ గుడ్డ పసిబిడ్డ మీద కప్పగూడదనింది. పెద్దామెను కాదంటే బాగుంటాదా?"

"ఆ గౌను ఎవరిదో ఆమెకెట్ల తెలుసక్కా?"

టీచరు అద్దాలు మళ్ళీ పెట్టుకుంది. జెస్సీ తల వంచుకుని అల్లికలో గొలుసులు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిపింది. కొక్కెం సూది మాత్రం కదలడం లేదు.

అప్పుడు లూదియా టీ గిన్నె పట్టుకుని లోపల్నుంచి వచ్చింది. మసిగుడ్డతో గిన్నె అంచు పట్టుకుంది. మసిగుడ్డ నాలుగు మడతలు పెట్టిన పసుపు గుడ్డ. మడతలోంచి రెండు చెర్రీపండ్లు కనిపిస్తున్నాయి. ఒక పక్క మంట తగిలి నల్లగా మాడిపోయింది.

లూదియా సైదాబీని చూసి గడపలోనే నిలబడిపోయింది. గిన్నె దించనూ లేదు, ముందుకు రానూ లేదు. వేడి గుడ్డలోంచి వేళ్ళకు తగులుతున్నా అట్లే పట్టుకుంది. చివరికి ఓర్చుకోలేక కింద పెట్టేసింది.

"పొయ్యికాడ కనపడితే పట్టుకున్నా. నాకేం తెలుసు," అనింది. మళ్ళీ ఆమే అనింది, "గుడ్డే గదమ్మే. ఉతికితే పోతాది."

సైదాబీ వంగి గిన్నె పక్కన పడిన గుడ్డ తీసుకుంది. వెచ్చగా ఉంది. ఆ గుడ్డ వెచ్చగా ఉండి ఎన్నాళ్ళయిందో. ఆమె దాన్ని అరచేతిలో పట్టుకుని వాళ్ళ ముగ్గురినీ ఒక్కొక్కరినీ చూసింది. తిట్టడానికి మాట వెతికింది. అన్నీ చిన్న మాటలే దొరికినాయి. ఏమీ అనకుండా మెట్లు దిగింది.

గేటు దగ్గరికి పోయేసరికి వెనక లూదియా గొంతు వినపడింది. "నేను ముందే చెప్పినా, ఆ ముక్క మంచిది గాదని. చూడు, ఎట్ల చూసి పోతాందో."

ఇంటికి పోయి సబ్బు పెట్టి ఉతికింది. జిడ్డు, టీ మరక పోయినాయి. మాడిన నలుపు పోలేదు. ఇంకా రుద్దితే గుడ్డ చిరిగేట్టుంది. బుడేన్ దూది మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి ఆమె వెనక నిలబడినాడు.

"ఏందది?"

"గుడ్డ."

అతను గుర్తుపట్టినాడు. మళ్ళీ పోయి మిషను వేసుకున్నాడు. దూది లేచి ఇల్లంతా ఎగిరింది. ఆమె ఆ ముక్కను దండెం మీద ఆరేసి పరుపు కుట్టడానికి కూర్చుంది. చారల గుడ్డ మీద లావు దారం లాగుతూ ఉంటే, చాప మీద ఎట్లా నవ్వుకునేవాళ్ళో గుర్తొచ్చింది. ఎన్నో నవ్వులు. వాటిల్లో ఏవి తన ముందర నవ్వినవి, ఏవి తను లేచి ఇంటికి పోయినాక నవ్వినవి అని ఆలోచించింది.

ఆ వారంలో ఇక ఆమె చాప దగ్గరికి పోలేదు. ఎవరూ పిలవలేదు కూడా. కానీ ఒక పొద్దు బుడేన్ పాణ్యానికి పరుపులు ఇచ్చి రావడానికి పోయిన సమయంలో పరంజ్యోతి టీచరే వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఈ ఇంటి గడప తొక్కింది రేష్మా పోయిన పొద్దు ఒక్కసారే. జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. చంకలో ప్లాస్టిక్ కవరు ఉంది. కూర్చోమంటే సగం కుట్టిన పరుపు మీదే కూలబడింది.

"బిడ్డకు జరం సైదా. నిన్నటి సంది. తగ్గినట్టే తగ్గి మళ్ళా వస్తాంది."

సైదాబీ చేతిలో సూది ఆగిపోయింది. "పాలు తాగుతాండాడా?"

"తాగుతాండాడు. కక్కుతాండాడు."

"ఉచ్చ పోసినాడా?"

"పోస్తాండాడు." టీచరు కవరులోంచి బొంత తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. గులాబీ ముక్కను అప్పటికే విప్పేసినారు. నడుమ నలుచదరంగా ఖాళీ, లోపలి పాత గుడ్డ కనిపిస్తోంది. "నీ చేత్తో కుట్టియ్యి. ఆ ముక్కే. యాడుండాదో ఆడనే పెట్టు."

సైదాబీకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయినాక ఆ ఖాళీ మీద చెయ్యి ఆనించకుండా బొంతను కిందికి జరిపింది.

"అది మసిగుడ్డ అక్కా. పసిబిడ్డ ఒంటి మీద మసిగుడ్డ ఎట్లేస్తావు?"

"అట్లనొద్దు. తప్పయిపాయ."

"నేనేం అనలా. ఆ పొద్దు కూడా ఏం అనలా."

"అనలేదు. అందుకే నాకు భయం." టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది. బడి పిల్లల్ని బెత్తంతో ఆడించిన చెయ్యి అది, ఇప్పుడు చల్లగా చెమట పట్టి ఉంది. "మనసులో తిట్టుకోనుంటే తిట్టుకున్నానని చెప్పు. వెనక్కి తీసుకున్నానని ఒక్క మాట చెప్పు."

"నా మాటకు అంత బలముంటే నా బిడ్డ బతికుండేది గదక్కా."

టీచరు ఆ మాట వినలేదు. విన్నా ఆమెకు కావలసిన మాట అది కాదు. "చెప్పు సైదా. నీకు పుణ్యముంటాది."

చెప్తే ఏం పోతుంది. ఆళ్ళగడ్డలో ఒక పసిబిడ్డ ఒళ్ళు కాలుతూ పడి ఉన్నాడు. ఆ వేడి ఎట్లుంటుందో, అరచేయి తీసినా అరచేతికి అంటుకుని ఎట్లా ఉండిపోతుందో సైదాబీకి తెలిసినట్టు ఈ వీధిలో ఇంకెవరికీ తెలియదు. కానీ ఆ మాట చెప్పిందంటే జ్వరం తనే తెచ్చినట్టు. రేష్మా గౌనే తెచ్చినట్టు.

"ఆడ పెట్టుకోవద్దండి. ఇయ్యాలే నంద్యాలకు తెచ్చి పిల్లల డాక్టరుకు చూపియ్యండి. మేము ఆలస్యం చేసినాం," అనింది.

"తెస్తాం. ముందు ఆ మాట చెప్పు."

"పో అక్కా. పోయి బిడ్డను తెచ్చుకో. బేగా పో."

టీచరు లేచింది. బొంతను కవరులో కుక్కుకుంది. గడప దాటి వెనక్కి తిరిగి, "నీ గుండె ఇంత రాయని నేను అనుకోలా. నీకూ ఒక బిడ్డ పోయింది గదా," అనింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా సైదాబీ గడపలోనే నిలబడింది. ఆ తర్వాత కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఎవరి బిడ్డ కోసమో తెలియదు.

బిడ్డను ఆ సాయంత్రమే తెచ్చినారు. గొంతులో పుండు అన్నాడట డాక్టరు. మందులు పోసినారు, ఆసుపత్రిలో ఉంచుకున్నారు, జ్వరం దిగింది. మళ్ళీ పాలు తాగి నవ్వుతున్నాడని జెస్సీ మొగుడు రూబెన్ అంగడికి వచ్చి బుడేన్‌తో చెప్పినాడు. విని సైదాబీ ఊపిరి పీల్చుకుంది. అంతటితో అయిపోయిందనుకుంది.

కొద్దిరోజులకు జెస్సీ వచ్చి వాకిట్లో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. "టీచరు రమ్మంటాందక్కా. నువ్వు రాకుంటే చాప వేసేదే లేదంటాంది."

సైదాబీ వెళ్ళింది. ఒక్కసారి పోయి, వాళ్ళ మొహాల మీద అనాల్సింది అనేసి రావాలని వెళ్ళింది. దారి పొడవునా మాటలు కూడబలుక్కుంది.

ఆమె మెట్లెక్కగానే లూదియా లేచి నిలబడింది. ఫ్యాను కింద ఎప్పుడూ టీచరు కూర్చునే చోట మెత్త వేసి ఉంది. "ఈడ కూచో సైదక్కా," అనింది లూదియా. టీ ముందు ఆమెకే వచ్చింది. టీచరు, "నువ్వు మనసు చల్లబరుచుకున్నావు, బిడ్డ గట్టెక్కినాడు," అనింది చేతులు జోడించబోయినట్టు. అదేం కాదు, డాక్టరు మందుకు తగ్గిందని సైదాబీ అనబోయింది. ముగ్గురూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. చెప్పినా నమ్మరని ఆ చూపుల్లో తెలిసిపోయింది. ఆమె టీ తాగింది.

చాప మీద ఒక పెద్ద బొంత సగం అయి ఉంది. లూదియా పేర్చిన ఎరుపు వరస నడుమ మెరుస్తోంది. ఏదో ఒకటి మాట్లాడాలని సైదాబీ, "ఆ ఎరుపు ఆడ బాలేదు," అనింది.

పాత లూదియా అయితే పొద్దుగూకేదాకా కొట్లాడి ఉండేది. ఈ లూదియా మారుమాట లేకుండా కత్తెర తీసి వరసంతా విప్పడం మొదలుపెట్టింది. కుట్లు తెగుతున్న చప్పుడు తప్ప వరండాలో వేరే చప్పుడు లేదు.

సైదాబీ కాసేపు చూసింది. తర్వాత వేలు పెట్టి చూపించి, "ఆ నీలం కూడా," అనింది. నీలం బాగానే ఉంది. టీచరు ముందుకు వంగి తన చేత్తోనే నీలం విప్పింది.

సైదాబీ ఛాతీలో ఏదో తియ్యగా కదిలింది. ఆమెకు భయం వేసింది. ఆ భయం ఎక్కువసేపు నిలవలేదు. కూడబలుక్కుని వచ్చిన మాటల్లో ఒక్కటీ ఇప్పుడు అనాల్సిన అవసరం కనిపించలేదు. ఎవరూ నవ్వడం లేదు. ఇక ఈ చాప మీద ఎవరూ నవ్వరని ఆమెకు తెలిసింది. మెత్త మీద సర్దుకుని కూర్చుంది.

అప్పుడు జెస్సీ జరిగి ఆమె మోకాళ్ళ దగ్గరికి వచ్చింది. చేతిలో మెత్తని తెల్లగుడ్డ మడత ఉంది. తల ఎత్తలేదు.

"అక్కా, నెల తప్పినా. మా బిడ్డ బొంతకు మొదటి కుట్టు నువ్వే వేయల్ల."

గుడ్డ పట్టుకున్న వేళ్ళను సైదాబీ చూసింది. రేష్మా ముక్క చుట్టూ కుట్లు ఒక్కొక్కటే తెంపింది ఆ వేళ్ళే. ఇంకా లేత పిల్ల. అమ్మకు దూరంగా ఉంది, మొదటి కాన్పు. నెల కిందట అయితే సైదాబీ ఆ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నుదురు ముద్దుపెట్టుకుని ఉండేది. లూదియా కత్తెర ఆగిపోయింది.

వేస్తాలేవే అని ఒక్క మాట అంటే చాలు.

సైదాబీ దారం కొస పంటితో కొరికి, తడి చేసి, సూదిలోకి ఎక్కించింది. ముడి వేసింది. పెద్ద బొంత అంచు ఒళ్ళోకి లాక్కుంది.

"చూద్దాంలే," అనింది.

జెస్సీ మొహంలో నెత్తురు ఇంకిపోవడం ఆమె చూసింది. చూసి తల వంచుకుని పనిలో పడింది. ఆ మధ్యాహ్నమంతా ఆమె వేసిన కుట్లలో ఒక్కటీ వంకర పోలేదు.